పన్నెండు వీశెల పరుపు

ఆ పొద్దున అత్తమ్మ ఒళ్లు తుడుస్తూ, నడుము కింద కొసన ఉన్న పుండుకు తడిగుడ్డ తగలకుండా చేయి పక్కకు పోనిచ్చాను. తొమ్మిది రోజులుగా అలాగే తుడుస్తున్నాను. మొదట అది కందిన మచ్చ. ఇప్పుడు అణా బిళ్లంత. వేపాకు నీళ్లతో కడిగి, కొబ్బరినూనె రాసి, పైన చీర కప్పేస్తాను. వాసన బయటికి రాకుండా సాంబ్రాణి వేస్తాను. అవ్వ గదిలో రోజూ పూజేనా అని నా ఆరేళ్ల కూతురు అడిగితే అవునన్నాను.

దాచకుండా ఏం చేసేది? కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, ఉగాది వెళ్లాక అత్తమ్మ పక్షవాతంతో మంచాన పడ్డ రోజే మా ఆయన ఒక మాట చెప్పి పెట్టాడు. "మా అమ్మ ఒంటి మీద పుండు కనబడిందంటే నిన్ను ఎమ్మిగనూరు బస్సు ఎక్కిస్తా. పిల్ల ఈడనే ఉంటాది." ఎమ్మిగనూరు నా పుట్టిల్లు. ఆయన ఆ మాట కోపంగా అనలేదు. అంగట్లో పత్తి ధర చెప్పినంత మామూలుగా అన్నాడు. అరిచే మనిషి మాటలు గాలికి పోతాయి. ఈయన మామూలుగా చెప్పినవే జరుగుతాయి. పన్నెండేళ్ల కాపురంలో నేను నేర్చుకున్న చదువు అదొక్కటే.

డాక్టరు వచ్చినప్పుడు, ఎముక ఆనే చోట ఒత్తుకోకూడదు, మెత్తగా ఉండాలి, గంటగంటకూ పక్క మార్చాలి అన్నాడు. పక్క మార్చే పని నా వంతుకు వచ్చింది. మెత్తదనం సంగతి ఆయన చూసుకుంటానన్నాడు. ఆదోనిలో పత్తి వ్యాపారి తల్లికి దూదికి కరువా? మేలురకం దూది పన్నెండు వీశెలు తూయించి ఒకే పరుపులో కుక్కించాడు. అంగడికి వచ్చిన ప్రతివాడికీ ఆ తూకం చెప్పుకున్నాడు. పరుపు పత్తి బేలులా గట్టిగా తయారైంది. తూకం పెరిగితే సుఖం పెరుగుతుందనేది తక్కెడ పట్టినవాళ్ల నమ్మకం. అది తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నోరు లేని కోడలికి నోరు పడిపోయిన అత్త, మంచి జోడీ.

పుండు ఇంకా పెరిగితే దాచలేనని గుల్జార్ బీకి కబురు పెట్టాను. ఆమె బొంతలు కుడుతుంది, ఆమె పెనిమిటి మాబు సాబ్ దూది ఏకుతాడు. పరుపు మీద పరచడానికి పల్చటి మెత్త కావాలంటే, రెండు రకాలు కుట్టి తెచ్చింది. ఒకటి బాగా ఏకిన పత్తి దూదిది. రెండోది బూరుగు దూదిది. పత్తి అమ్మే మా ఇంట్లో బూరుగు దూది గడప దాటకూడదు, లక్ష్మికి అవమానమట. నా పెళ్లిలో బూరుగు దిండ్లు తెచ్చిందని మా అమ్మను వాకిట్లోనే నిలబెట్టింది ఈ అత్తమ్మే.

నేను రెండింటినీ నొక్కి చూస్తుంటే గుల్జార్ బీ నవ్వింది. "చేత్తో నొక్కితే చెయ్యికి తెలుస్తాది గానీ తుంటికి తెలుస్తాదా అమ్మా? పండుకో."

అత్త బతికుండగా ఆమె పడక మీద కోడలా? ఈ ఇంట్లో నాకున్నది చాప. రెండుసార్లు వీధిలోకి తొంగిచూశాను. ఆయన భోజనానికి వచ్చే వేళ ఇంకా కాలేదు. ఇద్దరం కలిసి అత్తమ్మను దించి, కింద బొంతల మీద ఒక పక్కకు పడుకోబెట్టాం.

ముందు వట్టి పరుపు మీద పడుకున్నాను, ఆమెలాగే కదలకుండా. కాసేపటికే సరిగ్గా ఆ చోటే నొప్పి మొదలైంది. నేనైతే పక్కకు తిరిగాను. ఆమె ఎలా తిరుగుతుంది? నేను వంటింట్లో ఉన్న గంటలన్నీ ఆ నొప్పి మీదే పడుకుంది. కంట నీరు పెట్టుకుంటే చాదస్తమని విసుక్కున్నాను కూడా. నా మీద నాకే అసహ్యం వేసింది. పత్తి మెత్త కాసేపటికి అణిగిపోయింది. బూరుగు మెత్త మీద మాత్రం ఒంట్లో ఎముకలున్న సంగతే తెలియలేదు. పన్నెండేళ్లలో నా నడుముకు అంత సుఖం ఎరగను. కళ్లు మూతపడ్డాయి.

తెరిచేసరికి గుమ్మంలో ఆయన, మూలకు ఒదిగి నిలబడ్డ గుల్జార్ బీ. తల్లి నేల మీద, పెళ్లాం మంచం మీద.

"బట్టలు సర్దుకో" అన్నాడు, మామూలుగానే. "మూడు గంటలకు బస్సుంది."

పిల్ల బడి నుంచి వచ్చేసరికి నేను ఉండను. ఆయన కాళ్ల మీద పడితే ఒకవేళ ఉండనిచ్చేవాడేమో. కానీ పుండు కప్పే ఉండేది, అత్తమ్మ మళ్లీ ఆ బేలు మీదకే పోయేది. నేను మంచం దిగి అత్తమ్మ దగ్గర కూర్చుని చీర పక్కకు తీశాను.

"చూడండి. తొమ్మిది రోజులాయ. నేనే దాచినా. మీ పన్నెండు వీశెల పరుపుకు అయిన పుండు ఇది."

ఆయన చూశాడు. వెంటనే ముఖం తిప్పుకుని గోడ పట్టుకున్నాడు. "కప్పు" అన్నాడు.

"సాయంత్రం దీన్ని ఎవరు కడుగుతారో చెప్పండి. వాళ్లకు చూపించి పోతాను."

ఆయన గోడ వైపే చూస్తున్నాడు. అణా బిళ్లంత పుండును చూడలేని మనిషికా నేను ఇన్నేళ్లు భయపడింది అనుకున్నాను. అనుకున్నంత మాత్రాన భయం పోలేదు. ఆ భయంతోనే బూరుగు మెత్తను పరుపు మీద సరిచేసి, "మీ అమ్మను ఆ పక్క పట్టుకోండి, పైకెత్తాల" అని మా ఆయనకు మొదటిసారి ఒక పని చెప్పాను.