చెత్తబండి వెనక మెట్టు

మంచూ వానా కలిసి మొహాన కొడుతుంటే ఓడెల్ ప్రూయిట్ చెత్తబండి వెనక మెట్టు మీద నిలబడి, ఇనుప కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాడు. డ్రైవరు వోయిట్ ముందు వెచ్చగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు. తెల్లవాడు లోపల, నల్లవాడు వెనక. ఊళ్లో చెత్తబండ్లు తిరగడం మొదలైన నాటి నుంచీ అదే ఆచారం. ఎక్కడా రాసి లేదు. రాసుంటే కొట్టెయ్యమని అడగొచ్చు.

డబ్బా తిరగేస్తే తడిసిన పేపరొకటి జారిపడింది. దాని మీద కాఫీ పిప్పి, పిప్పి కింద కార్వర్ హాస్కిన్స్ నవ్వు. ఆ ఊరికి మొట్టమొదటి నల్ల మేయరు. ఒకప్పుడు ఉక్కు మిల్లులో ఓడెల్ పక్కన బొగ్గెత్తినవాడు.

"మీవాడు గద్దెక్కి నాలుగు నెలలైంది గదా!" వోయిట్ కిటికీలోంచి అరిచాడు. "నువ్వింకా వెనకే వేలాడుతున్నావేంటి?"

ఓడెల్ ఆ పేపరుని ఉండచుట్టి బండిలోకి విసిరికొట్టాడు. ఆ విసురు పేరు అసూయ, దాచడం దేనికి? మిల్లులో మేస్త్రీకి ఎదురు నిలిచి మొదట నోరు విప్పింది ఓడెల్. ఆ రోజు కార్వర్ వెనక నిలబడి చెమట తుడుచుకున్నాడు. నోరు విప్పినవాడి ఉద్యోగం ఊడింది. చెమట తుడుచుకున్నవాడు రాత్రి బడికెళ్లి లాయరయ్యాడు.

పోయిన నెల మెట్టు మీంచి జారిపడ్డ తోటి పనివాడు క్లీటస్ కాలు ఇంకా అతుక్కోలేదు. అందుకే సోమవారం నుంచి ఎవరూ వెనక మెట్టెక్కకూడదని, లోపల చోటిస్తేనే పనని, పనివాళ్లంతా ఒక్కమాట అనుకున్నారు. అది మేయరు చెవిన పడింది.

ఆదివారం ప్రార్థనయ్యాక చర్చి కింది హాల్లో భోజనాలు. వేయించిన కోడిలో రొమ్ముముక్క పాస్టరుగారికి; ఇంకొకటి వెర్లీన్ తన మొగుడు ఓడెల్ కోసం చాటుగా దాచేది. ఇవాళ అది మేయరు పళ్లెంలో ఉంది.

"నా ముక్కేదే?"

"ఊరుకోవయ్యా, బాగోదు. మేయరుగారు రోజూ వస్తారా? ఇవాళ్టికి రెక్క తిను."

ఇన్నేళ్ల కాపురంలో వెర్లీన్ అలా అనడం అదే మొదలు. ఓడెల్ రెక్కని పళ్లెం అంచుకి నెట్టాడు. కార్వర్ పళ్లెం పట్టుకొచ్చి పక్కనే కూర్చున్నాడు.

"ఏరా ఓడీ, కోపమా?"

"మేయరుగారి మీద కోప్పడేపాటి వాణ్ణా?"

"దెప్పకురా. కౌన్సిల్లో మనవాళ్లు ఇద్దరే. అందర్నీ ఒకేసారి లోపల కూచోబెట్టమంటే నా తల తీస్తారు. నీకు డ్రైవరు పని ఇప్పించాను. గంటకి అర డాలరెక్కువ. ఈ ఊళ్లో మొదటి నల్ల డ్రైవరువి నువ్వే. నువ్వు చెప్తే మనోళ్లు రేపు మెట్టెక్కుతారు. వాళ్ల సంగతి మెల్లగా చూద్దాం."

మొదటివాడు! ఆ మాట తేనెలా దిగింది. ఇన్నేళ్లూ ఆ మాట కోసమే కదా కుళ్లిపోయాడు.

"ఊఁ అనవయ్యా," వెర్లీన్ బతిమాలింది.

ఓడెల్ ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు.

సోమవారం తెల్లవారుజామున బండ్ల దొడ్లో వోయిట్ తలుపు తెరిచాడు. "రా దొరా, నీకు డ్రైవింగు నేర్పమని ఆర్డరొచ్చింది."

ఓడెల్ ఒక కాలు లోపల పెట్టాడు. వెచ్చటి గాలి మొహానికి తగిలింది. అప్పుడు వెనక్కి చూశాడు. మంచులో పనివాళ్లంతా నిలబడి ఉన్నారు. చంకకర్ర మీద వాలి క్లీటస్ కూడా వచ్చాడు. అందరూ అతని కాలినే చూస్తున్నారు. ఆ చూపు ఓడెల్ ఎరగనిది కాదు. కాఫీ పిప్పి కింద నవ్వుతున్న కార్వర్‌ని తను చూసింది ఆ చూపుతోనే.

"వోయిట్, లోపల ముగ్గురు పడతారా?"

"పడతారు. కానీ ఆర్డరు నీ ఒక్కడికే."

ఓడెల్ కాలు తీసేసి, బయటనుంచే తలుపు మూశాడు.

"అయితే నా సంగతి కూడా మెల్లగా చూద్దాంలే, మేయరుగారితో చెప్పు."

కార్వర్ ఇచ్చింది గనక వద్దన్నాడో, క్లీటస్ కోసమే వద్దన్నాడో అతనికే తెలీదు. నడిచొచ్చి క్లీటస్ పక్కన నిలబడ్డాడు. వోయిట్ హారన్ మోగించాడు. ఎవరూ కదల్లేదు. ఖాళీ మెట్టు మీద మంచు పేరుకుంటోంది.