రంగు మాత్రం మీ ఇష్టం

షోరూంలో కూల్‌డ్రింకులు రెండే వచ్చాయి. ఒకటి భర్తకు, ఇంకొకటి ఆయన అన్నగారికి. ఆమె చేతికి మాత్రం రంగుల కార్డు ఇచ్చాడు సేల్స్ కుర్రాడు.

"మేడం, రంగు మాత్రం మీ ఇష్టం!" అన్నాడు, పెద్ద వరమేదో ఇస్తున్నట్టు.

ఆ కారును రోజూ నడపబోయేది ఆమె. భర్త ఆఫీసు బస్సులో వెళ్ళే మనిషి. ఆదివారం తప్ప తాళంచెవి ఆయన చేతికి రాదు. కూతుర్ని బడిలో దింపడం, అత్తగారిని మోకాళ్ళ వ్యాయామానికి తీసుకెళ్ళడం, కూరలు, మందులు, బ్యాంకు పనులు అన్నీ ఆమెవే. అవన్నీ కూడా ఇంజను సరిగ్గా వేడెక్కేలోగా ముగిసిపోయే ప్రయాణాలు.

"రోజూ ఎంత దూరం తిరుగుతారు సార్?" అని కుర్రాడు భర్తను అడిగాడు. భర్త అన్నగారి వైపు చూశాడు. అన్నగారు మోటారు పంపులు అమ్ముతూ ఊళ్ళు తిరుగుతాడు. తెల్లారి బయలుదేరితే దీపాలవేళకు గాని ఆయన బండి ఆగదు.

"కళ్ళు మూసుకుని డీజిల్ తీసుకోరా. ఆ మైలేజీ వేరు, ఆ లాగుడు వేరు. పెట్రోలుది కుట్టుమిషను, బండి కాదు."

"బావగారూ, మనకంత దూరాలు లేవు కదండీ," అంది ఆమె. "దగ్గర తిరుగుళ్ళకు డీజిల్ సరిపడదట. పొగగొట్టంలో ఉండే ఫిల్టరు మసితో పూడుకుపోతుందట. నేను చదివాను."

"అమ్మాయ్, చదివితే ఈత వస్తుందా? ఇదీ అంతే. నువ్వు రంగు చూడు తల్లీ."

అందరూ నవ్వారు. భర్త కూడా నవ్వాడు. ఆమె తెలుపు చూపించి కార్డు తిరిగిచ్చేసింది. చదువుతున్న మీలో ఎందరి ఇళ్ళలోనో బీరువా, బండి, ఇల్లు ఇలాగే కొని ఉంటారు. నవ్వినవాళ్ళూ మరిచిపోయి ఉంటారు.

వానలు వెళ్ళేసరికి కారు ముందు పలకలో పసుప్పచ్చ దీపం వెలిగింది. ఫిల్టరు పూడుకుంది. మంచి వేగంతో ఆగకుండా కొంతసేపు పరుగెత్తితే గొట్టం వేడెక్కి, ఆ మసి దానంతటదే కాలిపోతుంది. వీధి చివర మలుపు తిరిగేలోపు ఆగిపోయే బండికి అంత వేడి ఎక్కడిది?

"నీ నడపడమే అంత," అన్నాడు భర్త. "క్లచ్ మీద నుంచి కాలు తియ్యవు."

అప్పటినుంచి ఆదివారాలు ఆయన కారు తీసుకుని హైవే మీదికి పోవడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికిరా చిన్నోడా?" అనేది అత్తగారు.

"ఎక్కడికీ కాదమ్మా. బండికి వ్యాయామం."

"నా మోకాళ్ళకూ, దానికీ ఒకే జబ్బన్నమాట!"

దీపం ఆరేది, మళ్ళీ వెలిగేది. చివరికి ఒక ఆదివారం అన్నదమ్ములిద్దరూ కారును అన్నగారికి తెలిసిన గ్యారేజీకి తీసుకెళ్ళారు. సాయంత్రం మొహాలు వెలిగిపోతూ తిరిగొచ్చారు.

"బాగుచేయించేశాం. ఇక ఆ లైటు జన్మలో వెలగదు," అన్నాడు బావగారు. ఆమె ఆయనకు థాంక్స్ కూడా చెప్పింది. ఆ మాట తలుచుకుంటే తర్వాత ఆమెకు ఒళ్ళు మండేది.

దీపం నిజంగానే వెలగలేదు. కాని తెల్లటి కారు వెనక భాగం నల్లబడసాగింది. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకు కాటుకలా అంటేది. బడి గేటు దగ్గర కారు కదిలించినప్పుడల్లా అద్దంలో నల్లటి మేఘం కనిపించేది. గేటు పక్కనే చిన్న తరగతుల పిల్లలు పొద్దున లోపలికి వెళ్ళడానికి, సాయంత్రం ఆటోల కోసం వరుసగా నిలబడతారు. కారు గొట్టం పెద్దవాళ్ళ మోకాలి ఎత్తున ఉంటుంది. అందులోంచి లేచే పొగ ఆ పిల్లల మొహాలకు తిన్నగా తగులుతుంది.

అందరూ పిచ్చుక అని పిలుచుకునే కూతురు మామూలుగా కారెక్కగానే బడి కబుర్లన్నీ ఒలకబోస్తుంది. ఒకరోజు మాట్లాడలేదు. ఇంటి మలుపు దాకా వచ్చాక మెల్లగా అంది:

"అమ్మా, రేపటినుంచి కారు దూరంగా ఆపవా?"

"ఏమైందే?"

"అందరూ పొగబండి ఆంటీ అంటున్నారు నిన్ను." మళ్ళీ తనే, "అందుకు కాదులే. నా బెంచీ అమ్మాయి ఇన్‌హేలర్ పీలుస్తుంది కదా, దానికి మన కారు వెళ్ళగానే దగ్గొస్తోంది. ఇవాళ దగ్గి దగ్గి కూలబడిపోయింది. టీచర్ ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళింది."

ఆమె పాపను ఇంట్లో దింపి నేరుగా ఆ గ్యారేజీకి వెళ్ళింది.

"ఫిల్టరు సరిగ్గా పనిచేస్తున్నట్టు లేదు," అంది.

మెకానిక్ వింతగా చూశాడు. "అది ఉంటే కదా మేడం పనిచెయ్యడానికి! లోపలిదంతా కోసి తీసేశాం. పైడబ్బా ఒక్కటే ఉంది. లైటు వెలగకుండా కంప్యూటర్లో మార్చేశాం. సార్‌వాళ్ళే చెయ్యమన్నారు. మీకు చెప్పలేదా?"

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆమెకు ఆ క్షణాన తెలిసింది.

ఇంటికి వచ్చేసరికి అన్నదమ్ములు టీ తాగుతున్నారు. అత్తగారు కుర్చీలో కూర్చుని కాళ్ళకు మందు రాసుకుంటోంది.

"ఫిల్టరు పీకించేశారా?" అంది ఆమె, చెప్పులు కూడా విప్పకుండా.

"అదేం పెద్ద విషయం?" అన్నాడు బావగారు. "అందరూ చేయించుకునేదే. కొత్తది వేయిస్తే తడిసి మోపెడవుతుంది. బండికి ఊపిరాడుతోంది కదా ఇప్పుడు, హాయిగా!"

"బండికి ఆడుతోంది బావగారూ. గేటు దగ్గర పసిపిల్లలకు ఆడటం లేదు."

"అరవకు," అన్నాడు భర్త. "నీకు తెలియదు ఇవన్నీ."

"నాకు తెలుసు. కొనకముందే చెప్పాను, మీరు నవ్వారు. దీపం వెలిగితే నా కాలిది తప్పన్నారు. జబ్బు నయం చెయ్యకుండా దీపం ఆర్పేసి బాగైందన్నారు. నాకు తెలియకుండా నా చేత్తోనే ఒక పిల్ల గొంతులో మసి పోయించారు. రంగు మాత్రం నా ఇష్టమన్నారు కదా? వెళ్ళి చూడండి, ఇప్పుడది ఏ రంగులో ఉందో!"

మందు సీసా మూత బిగిస్తూ అత్తగారు అంది:

"పెద్దోడా, నీ తిరుగుడుకు నీ బండి సరిపోయింది, బాగానే ఉంది. నీ చెప్పులు తెచ్చి కోడలి కాళ్ళకు తొడిగావు. బోర్లా పడితే నడక రాదన్నారు మీరిద్దరూ. ఆ వెనక సీట్లో రోజూ కూర్చునేదాన్ని నేను. నన్నయినా ఒక్క ముక్క అడిగార్రా?"

ఆమె తాళంచెవి బల్ల మీద పెట్టింది. "ఫిల్టరు వచ్చేదాకా నేనీ కారు ముట్టను. పిచ్చుకను నడిపించి తీసుకెళ్తాను. అత్తయ్యకు ఆటో పిలుస్తాను."

"రేపు నేను సెలవు పెట్టి దింపుతా చూడు," అన్నాడు భర్త పౌరుషంగా. "ఒక కారు పొగకే లోకం మునిగిపోతుందా?"

మర్నాడు ఆయన బడి గేటు ముందు మొదటిసారి కారు ఆపాడు. "పొగబండి వచ్చిందిరోయ్!" అని ఎవరో అరిచారు. వరుస మొత్తం గోడ వైపు జరిగింది. పిచ్చుక దిగి, తండ్రికి టాటా చెప్పడానికి ముందు జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అలవాటైన పనిలా పెట్టుకుంది.

ఆయన ఇంజను ఆపేశాడు. పిల్లలంతా లోపలికి వెళ్ళేదాకా స్టార్ట్ చెయ్యలేకపోయాడు.

ఆ సాయంత్రం ఫోనులో ఆయన గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. "అన్నయ్యా, కొత్త ఫిల్టరు వేయిస్తున్నాను. ఆ తర్వాత ఈ బండి నువ్వే తీసుకో. దూరాలు తిరిగేవాడివి నువ్వే."

ఈసారి పెట్రోలు కారు కోసం వెళ్ళారు. అదే షోరూం, అదే కుర్రాడు. "రోజూ ఎంత దూరం తిరుగుతారు సార్?"

"నన్నెందుకయ్యా అడుగుతావు? నడిపేది ఆవిడ," అన్నాడు భర్త, ఏదో ఔదార్యం చూపినట్టు కాస్త నవ్వుతూ.

ఆమెకు నవ్వు రాలేదు. ఎక్కడెక్కడికి వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో, ఆగినచోట ఎవరు నిలబడి ఉంటారో అన్నీ చెప్పింది. కుర్రాడు అలవాటు కొద్దీ రంగుల కార్డు ఆమెకే అందించాడు. ఆమె దాన్ని భర్త చేతిలో పెట్టింది.

"రంగు మాత్రం మీ ఇష్టం."

పిచ్చుక బెంచీ పిల్ల ఇప్పటికీ ఇన్‌హేలర్ జేబులో వేసుకునే బడికి వస్తోంది. ఆ గేటు ముందు ఆగే బండి అదొక్కటే కాదు మరి. అందుకే ఈ కథ. బండి ఎవరు నడుపుతారో, దాని పొగ ఎవరు పీలుస్తారో వాళ్ళను అడగకుండా ఇంజను ఎంచే హక్కు ఏ ఇంటి పెద్దకూ లేదు.