బుధవారం కారు

“ఊరికే చేసే పనికి ఎదురు డబ్బు కట్టేదాన్ని నిన్నే చూస్తున్నా,” అన్నాడు మా ఆయన, తను తిన్న కంచం తెచ్చి నేను తోముతున్న గిన్నెల మీద పడేస్తూ. ఊరికే చేసే పనంటే ఈ గిన్నెలు కాదు. నా బుధవారాలు.

బుధవారం బుధవారం మేం కొందరు ఆడవాళ్ళం, ఇల్లు దాటలేని పెద్దావిడలను కార్లలో ఎక్కించుకుని లైబ్రరీ పక్క హాలుకు తీసుకెళ్తాం. అక్కడ టీ తాగుతారు, పాడుకుంటారు, కొడుకుల మీదా కోడళ్ళ మీదా కసితీరా చెప్పుకుంటారు. మధ్యాహ్నానికి మళ్ళీ ఇళ్ళకు చేరుస్తాం. హాలు ముందున్న ఖాళీ స్థలంలో ఇన్నాళ్ళూ ఎవరి కార్లు వాళ్ళు పెట్టుకున్నాం. పోయిన నెల అక్కడ గేటు, పక్కనే డబ్బులు మింగే మిషనూ వెలిశాయి. మొదటి అరగంట మాత్రం ఉచితమట! నా కారులో వచ్చే పెద్దావిడ, రిటైరైన టీచరమ్మగారు కారు దిగి, చేతికర్ర వెతుక్కుని, కళ్ళజోడు సీట్లో మర్చిపోయానని వెనక్కొచ్చి, హాలు మెట్లెక్కేసరికే ఆ అరగంట కాస్తా హరించుకుపోతుంది.

ఒక్కో కారే తగ్గిపోయింది. “పెట్రోలు చాలదన్నట్టు ఇదొకటా?” అని మాతోపాటు కారు తెచ్చే టైలరక్కను కొడుకు కసిరాడు. ఇంకో కారు తెచ్చే నర్సు ఫోనులో గొంతు తగ్గించి, “నా జీతం మా అత్తగారి చేతిలో ఉంటుంది వదినా, దీనికని ఎలా అడగను?” అంది. మిగిలింది నా డొక్కు కారొక్కటే.

ఈ బుధవారాలు పెట్టించిన మా కాలనీ సంఘం మీటింగులో, పార్కింగు డబ్బు సంఘం కడుతుందా అని అధ్యక్షుడిని అడిగాను. రిటైరైన ఇంజనీరు, ఒక్క ముసలమ్మను ఎక్కించుకున్న పాపాన పోలేదు. “గేటు దగ్గర దింపేసి వెళ్ళి, తర్వాతొచ్చి ఎక్కించుకోండమ్మా. ఇంట్లో ఉండేవాళ్ళేగా, కాస్త సర్దుకోవాలి,” అన్నాడు.

“మరి వాళ్ళకు టీ ఎవరు పోస్తారండీ? బాత్రూముకు ఎవరు పట్టుకెళ్తారు?”

“అవన్నీ మీ ఆడవాళ్ళు చూసుకునేవే కదమ్మా!”

వెళ్ళిపోయి అక్కడే ఎలా ఉంటానో ఆయనకు తట్టలేదు. నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

ఆ బుధవారం నా కారు కిక్కిరిసిపోయింది. టైలరక్క వారం వారం తీసుకొచ్చే పిన్నిగారి ఇంటి ముందు నుంచి వెళ్తుంటే, ఆవిడ నున్నగా తల దువ్వుకుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. కారు రాదని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆపాను.

“చోటు లేదు పిన్నిగారూ.”

ఆవిడ కారులోకి తొంగిచూసి, “నేనెంత పడతానమ్మా, ఓ మూల సర్దుకుంటాగా,” అంది.

ఆవిడను అక్కడే వదిలి వెళ్ళాను. హాల్లో టీ పోస్తూ, అలవాటుగా ఆవిడ కప్పు కూడా నింపేశాను.

సాయంత్రం ఇదంతా మా ఆయనకు చెప్పాను. లైబ్రరీ వెనకున్న మున్సిపల్ ఆఫీసులోనే ఆయన పని. టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, “మా స్టాఫు కార్లకైతే పాసులిచ్చార్లే. మేం పనిమీద వస్తాం కదా,” అన్నాడు.

అంటే అదే స్థలంలో, ఓ చెట్టు నీడన, ఏడుగురు పట్టే ఆయన కారు పొద్దుట్నించి సాయంత్రం దాకా ఊరికే నిద్రపోతోందన్నమాట. ఈయన బట్టలు ఇస్త్రీ చేసి, క్యారియరు కట్టి, వాళ్ళమ్మకు మందులేసి, పిల్లల ఫీజుల క్యూలో నిలబడి వచ్చే నేను పనిమీద రాను. ముసలావిడలను నడుంపట్టి మెట్లెక్కించే నేను సరదాకి వస్తాను. మిషనుకు పాపం ఏం తెలుసు? దానికి ఎవరు చెప్పారో వాళ్ళకే తెలియదు.

తర్వాతి బుధవారం పొద్దున్నే ఆయన ఇంట్లో అటూ ఇటూ వెతుక్కుంటున్నాడు. “నా తాళాలేవీ?”

“నా దగ్గరున్నాయి. మీ కారు నేను తీసుకెళ్తున్నా. నాది మీరు తీసుకెళ్ళండి.”

“నీ కారుకి పాసేదీ? రోజంతా ఆ మిషనుకి నేను కట్టుకోవాలా?”

“కట్టండి.”

“ఇవాళొక్కరోజేనా?”

“ప్రతి బుధవారం. పనిమీద వెళ్తున్నా.”

ఆయన ఇంకేదో అంటూనే ఉన్నాడు. నేను కారెక్కి, ఆయన కాళ్ళకు తగ్గట్టు వెనక్కి జరిపి ఉన్న సీటును, బ్రేకు నాకు అందేదాకా ముందుకు లాక్కున్నాను.