నాలుగో రేవు

మా సభలో ఏ బిల్లునైనా ఓటుకు పెట్టే ముందు, సభ్యుడు కాని ఒక మనిషికి చదివి వినిపించాలి. ఆ మనిషి "అర్థమైంది" అంటేనే ఓటు. మూడుసార్లు చదివినా "లేదు" అంటే బిల్లు చచ్చినట్టే. చదువురాని జాలరులు ఈ రిపబ్లిక్కును కట్టుకున్న రోజుల్లో పెట్టుకున్న నియమం అది. ఇప్పుడు చదువురానివాళ్లు లేరు గానీ, నియమం మాత్రం అలాగే ఉంది. సమావేశానికొకరిని చీటీ తీసి పిలుస్తాం. వాళ్లు వచ్చి, వారం రోజులు సభ క్యాంటీన్లో చేపల సూపు తాగి, అడిగినప్పుడల్లా "అర్థమైంది" అనేసి ఇంటికెళ్తారు. చదివేది నేను, ఐవిండ్. ఇరవై రెండేళ్ల ఉద్యోగం. ఈ ద్వీపాల్లో నా అంత గడగడా చదివేవాడు లేడని నాకో గొప్ప.

ఆ అక్టోబరులో చీటీ గుద్రిద్ పేరున వచ్చింది. సాండ్రే ద్వీపంలో సముద్రపు బాతుల ఈకల్లోంచి చెత్త ఏరే పని ఆవిడది. డెబ్బై దాటాయి. వారమంతా బుద్ధిగా "అర్థమైంది" అంటూ వచ్చింది.

చివరి రోజు చివరి బిల్లు చలికాలపు పడవలది. నాలుగు, ఏడు, తొమ్మిదో రేవులకు చలికాలమంతా పడవ ఆపేయాలని. మా దగ్గర చలికాలంలో పడవ ఆగిందంటే మందులూ, ఉత్తరాలూ, డాక్టరూ అన్నీ ఆగిపోయినట్టే. మా అక్క తోర్దిస్ హుల్మేలో ఉంటుంది. ఆరే ఇళ్లున్న ఊరు. ఆవిడ గుండె మాత్రలు కూడా పడవలోనే వెళ్లాలి. అందుకే ఇలాంటి బిల్లు వస్తే ముందు హుల్మే రేవు అంకె ఉందేమో చూసుకుంటాను. హుల్మే పదకొండు. జాబితాలో లేదు. నాలుగు, ఏడు, తొమ్మిది పక్షులు తప్ప పురుగు లేని రాళ్లని చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్నదే. సభ గోడ మీది పటమూ అదే చెబుతుంది.

మూడు నిమిషాల్లో చదివేశాను. "అర్థమైందా?"

"లేదు" అంది గుద్రిద్.

బ్యాగులు సర్దుకుంటున్న సభ్యులు ఆగిపోయారు. నా ఉద్యోగంలో ఆ మాట వినడం అదే మొదటిసారి.

"ఏది అర్థం కాలేదమ్మా?"

"మీ గోడ మీది పటం ప్రకారం ఆ రాళ్ల మీద ఎవరూ ఉండరు కదా. మరి ఇప్పుడు పడవ దేనికెళ్తోంది?"

"పక్షులు గుడ్లు పెడతాయిగా, మంత్రసానిని దింపి రావడానికి!" అన్నాడు వెనక వరసలోంచి ఒకాయన. సభంతా ఘొల్లుమంది.

మంత్రి హాల్వార్ లేచాడు. "ఏదో పాత ఏర్పాటు, పెద్దమ్మా. ఇదంతా లాంఛనం. ఆ ఒక్క మాటా అనేస్తే అందరం ఇళ్లకి పోతాం."

"అర్థం కాకుండా అననని ప్రమాణం చేయించింది మీరే కదా, బాబూ."

రెండోసారి చదివాను. "లేదు."

ఇక గుసగుసలు మొదలయ్యాయి. ఆ మూడింట్లో ఆవిడ ఊరు ఉందేమోనని ఒకరు. సాండ్రే రెండో రేవు, దానికేం ఢోకా లేదని ఇంకొకరు. ఈకలు ఏరీ ఏరీ బుర్రకి చాదస్తం పట్టిందని మూడో ఆయన. సూర్యాస్తమయంతో సమావేశం ముగిసిపోతుంది. సభాధ్యక్షురాలు రాగ్నా, తప్పంతా నాదే అన్నట్టు చూసి, అరగంట విరామం ఇచ్చింది. "ఆవిడకేం కావాలో చూడు, ఐవిండ్. త్వరగా!"

నిజం చెప్పాలంటే అప్పటికి నన్నూ ఆ ప్రశ్న తొలిచేస్తోంది. పడవ దేనికెళ్తోంది? నవ్వేశాం గానీ, జవాబు ఎవరికీ తెలియలేదు. గుద్రిద్‌ని వెంటబెట్టుకుని రోడ్డు దాటి పడవల టికెట్ కిటికీ దగ్గరికి వెళ్లాను.

"నాలుగో రేవుకి చలికాలంలో పడవ ఎందుకమ్మా?" అని అడిగాను.

కిటికీలో అమ్మాయి నన్ను వింతగా చూసింది. "మనుషులుంటే వెళ్లదా ఏంటి? హుల్మే కదా."

"హుల్మే పదకొండు."

"అది పాత లెక్క సార్. కొత్త జెట్టీ కట్టాక, వసంతంలో దాని దగ్గర్నుంచి మళ్లీ అంకెలేశారు. బోర్డు చూడండి. టికెట్ల మీద పేర్లే ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు."

బోర్డు చూశాను. బిల్లు రాసిన గుమాస్తా కొత్త అంకెలు రాశాడు. విన్న మేమంతా పాత రాళ్లను తలచుకున్నాం. "మా అక్క ఉండేది అక్కడే" అన్నాను. మా అక్క మాత్రల పడవను నేనే, నా నోటితోనే, రెండుసార్లు ఆపమని చదివాను.

"అక్కడికి వెళ్తూ ఉంటే తెలిసేదేమో" అంది గుద్రిద్.

"మూడేళ్లయింది వెళ్లి." ఏటా అక్క ఎండు మాంసం పంపి ఎప్పుడొస్తావని అడుగుతుంది. సమావేశాలయ్యాక అంటానని ఆవిడకీ చెప్పాను.

తిరిగొచ్చేసరికి కిటికీల్లో వెలుగు ఎర్రబడింది. ఒక్క అక్షరం మార్చినా చదివింది చెల్లదు, అందుకని మార్చలేదు. మెల్లగా చదివాను. అంకె వచ్చినప్పుడల్లా గుద్రిద్ చెయ్యెత్తింది. వినే మనిషి అడిగితే జవాబు చెప్పొచ్చు.

"నాలుగంటే?"

"హుల్మే. ఆరిళ్లు." కాగితం మీంచి తలెత్తాను. "అక్కడ మా అక్క ఉంది."

"ఏడు?"

"గ్రోవెన్. పద్నాలుగిళ్లు, ఒక బడి."

"తొమ్మిది?"

"స్క్యెల్. ఇద్దరు ముసలి అన్నదమ్ములు, వాళ్ల గొర్రెలు."

మంత్రసాని జోకు వేసినాయన తల దించుకున్నాడు. నేను ఆవిడ వైపు చూశాను. "లేదు" అనమ్మా, అని లోపలే వేడుకున్నాను. ఇంకొక్కసారి "లేదు" అను, బిల్లు ఇక్కడే చస్తుంది.

"అర్థమైంది" అంది గుద్రిద్.

ఆవిడ మీద ఆ క్షణాన వచ్చినంత కోపం నాకెవరి మీదా రాలేదు. రాగ్నా బల్ల చరిచి ఓటుకు పిలిచింది. బిల్లు కావాలన్నవాళ్లు చెయ్యెత్తాలి. ఇరవై ఏడుగురిలో ఒక్క చెయ్యి లేచింది. పక్కవాళ్లను చూసి అదీ దిగిపోయింది. హాల్వార్ తన రెండు చేతులూ బల్ల మీదే పెట్టుకుని, నోరు తెరిచి, గోడ మీది పటాన్ని చూస్తున్నాడు.

మెట్ల దగ్గర ఆవిడను పట్టుకున్నాను. "లేదనేస్తే సరిపోయేదిగా! నా ప్రాణం పోయిందనుకోండి."

"అర్థమయ్యాక లేదని ఎలా అంటాను, నాయనా? వాళ్లకీ అర్థమైందిగా." కోటు గుండీలు పెట్టుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది. "సమావేశాలయ్యాక అన్నావు. అయ్యాయిగా?"

టికెట్ కిటికీ ఇంకా మూయలేదు.

"శనివారానికి ఒకటి" అన్నాను. "నాలుగో రేవుకి."

"అంకె కాదు సార్," అంది ఆ అమ్మాయి, "పేరు చెప్పండి."

"హుల్మే" అన్నాను.