రెండో చరణం దగ్గర కుంగిన పాట

చెయ్యని తప్పు ఎవరి నెత్తిన రుద్దినా ఊరుకునే మనిషిని కాదు నేను. మా బాపు ఇశ్రాయేలు సర్కారు ప్రెస్సులో అచ్చు పని చేసి రిటైరయ్యాడు. తప్పు తనది కాకపోతే ఎంత పెద్ద ఆఫీసరు ముందైనా తల దించేవాడు కాదు. ఆ మొండితనం నాకొచ్చింది. అందుకే 2003 ఆగస్టులో, వినాయక చవితి ఇంకో పది రోజులుందనగా, బహదూర్‌పురాలో నేను పనిచేసే చిన్న రికార్డింగ్ స్టూడియోలో నాలుగు రోజులు వరసగా ఓనరుతో పోట్లాడాను.

ఓనరు రామ్‌చందర్ అన్న చవితి పాటల క్యాసెట్ వేస్తున్నాడు. మొత్తం ఎనిమిది పాటలు. ఏడు మలక్‌పేట ఆర్కెస్ట్రాలో పాడే హరిప్రియవి. ఎనిమిదోది సక్కుబాయిది. సక్కుబాయి ధూల్‌పేట్‌లో వినాయకుళ్లు చేసే చోట మట్టి తొక్కుతుంది. యాభై ఏళ్లుంటాయి. పాట తనే కట్టింది. "మట్టి తొక్కినయి మా కాళ్లు, మొక్కులందినయి నీ కాళ్లకు" అని రెండో చరణంలో సాక్షాత్తూ దేవుణ్ణే నిలదీస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

చిక్కంతా ఆ పాటతోనే వచ్చింది. గొంతుకు కాస్త మోగుడు, అంటే ఎకో, ఇచ్చే పెట్టె ఒకటి కంప్యూటర్‌కు బయట ఉండేది. దానివల్ల ఏ పాటైనా మొదటి నుంచి చివరిదాకా ఒకసారి మోగాల్సిందే, మోగుతుండగానే ఫైల్ తయారయ్యేది. హరిప్రియ పాటలు ఏడూ పొద్దున పూట చేశాను. గీత గీసినట్టు వచ్చాయి. సక్కుబాయి పాట మాత్రం బాగా మొదలై రెండో చరణానికి శబ్దం తగ్గి కుంగిపోయేది. మళ్లీ చేస్తే ఆ కుంగుడు మూడో చరణానికి జరిగేది. తర్వాత లేచినా, మొదటి ఎత్తుకు లేచేది కాదు. నాలుగు రోజుల్లో నాలుగు ఫైళ్లు, దేనికదే.

కేబుళ్లు మార్చాను. సౌండ్ కార్డు పీకి పెట్టాను. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. కంప్యూటర్‌ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను.

తప్పు మిషిన్‌దే అంటే రామ్‌చందర్ అన్న వినలేదు. "గొంతులనే దమ్ము లేదు సుజనా. మొదట జోరుగ ఎత్తుకుంటది, రెండో చరణానికి అలిసిపోతది. హరిప్రియతోని పాడిద్దాం. పాట సక్కుబాయిదే ఉంటది గద."

"గొంతు అలిసిపోతే మరి డోలక్ ఏమైందన్నా? హార్మోనియం గూడ మట్టి తొక్కి అలిసిపోయిందా? అన్నీ కలిసే తగ్గుతున్నయి, చెవులు పెట్టి ఇను."

"నీ నోటికి అడ్డూ అదుపూ లేదు," అన్నాడే గానీ మనసు మార్చుకోలేదు. హరిప్రియకు ఫోన్ చేసి మర్నాడు పదింటికి రమ్మన్నాడు. ఆ సాయంత్రం లోపల పాట సరిగ్గా వస్తే సరే, లేకపోతే సక్కుబాయి గొంతు తీసేస్తాడు. తన పాట క్యాసెట్‌లో వస్తోందని ఆమె గల్లీ అంతా చెప్పుకుంది.

రోజూలాగే పని దిగి ఐదింటికి వచ్చింది సక్కుబాయి. కాళ్లకు మడమల దాకా మట్టి. తన పాట తను దగ్గరుండి వినాలని ఆమెకు ఆశ. అందుకే ఆమె పాట ఎప్పుడూ ఆమె వచ్చాకే చేసేదాన్ని. ఆ రోజు రామ్‌చందర్ అన్నను కూడా పట్టుకొచ్చి పక్కన కూర్చోబెట్టాను.

"కండ్లారా చూడు. ఇయ్యాల తప్పు గొంతుదో మిషిన్‌దో తేలిపోవాలె," అని చాయ్ తాగి పాట వదిలాను.

మొదటి చరణం నిండుగా వెళ్లింది. సందు చివరి మసీదులో అసర్ అజా, సాయంత్రం నమాజు పిలుపు, మొదలైంది. పాట నడుస్తోంది. నేను తెర మీది ఆకుపచ్చ గీతల వైపే గుడ్లప్పగించి చూస్తున్నాను.

"బిడ్డా," అంది వెనక నుంచి సక్కుబాయి. "నీ చెయ్యి."

చూసుకున్నాను. నా కుడిచెయ్యి మౌస్ పట్టుకుని, తెర మీద మొత్తం శబ్దాన్ని పెంచి తగ్గించే మీటను సగానికి లాగేసి ఉంది. ఎప్పుడు లాగానో నాకు తెలియదు.

"రోజు గిట్లనే దించుతవు గద. అజా అయినంక మళ్ల ఎత్తుతవు," అంది ఆమె. "నేను గది గూడ పనిల భాగమే అనుకున్న."

తల కొట్టేసినట్టయింది నాకు. మా ఇల్లు మసీదు పక్కనే. అజా వినపడితే బాపు మర్యాదకని రేడియో తగ్గించేవాడు. బాపు ఇంట్లో లేకపోతే నేను తగ్గించేదాన్ని. స్టూడియోలో టేపు మీద పనిచేసినన్నాళ్లూ స్పీకర్ల నాబ్ తిప్పేదాన్ని, దానివల్ల టేపుకు ఏమీ అయ్యేది కాదు. కంప్యూటర్ వచ్చాక ఆ నాబున్న ఆంప్లిఫయర్ పై అరలోకి పోయింది. చెయ్యి దగ్గరున్న మీట వెతుక్కుంది, అది లాగితే ఫైల్‌లోకి పోయే పాటే తగ్గుతుంది. పొద్దున చేసిన పాటలకు అజా అడ్డం రాలేదు. ఈమె పాటకు రోజూ వచ్చింది. అజా అయ్యాక అందాజగా ఎత్తేదాన్ని గనక ఏ రోజూ ఒక ఎత్తుకు రాలేదు.

రామ్‌చందర్ అన్న పగలబడి నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడన్నదట నీలాంటిదే. నాలుగు దినాలు నా కంప్యూటర్‌ను తిట్టి పోసినవ్."

"తిట్టిన. తప్పు నాది, ఒప్పుకుంటున్న. మరి నువ్వేం తిట్టినవన్నా? ఆమె గొంతును తిట్టినవ్. నువ్వు గూడ ఒప్పుకో."

నవ్వు ఆగింది. "హరిప్రియకు చెప్పేసిన. రేపు వస్తది."

"వస్తే చాయ్ తాగిపిచ్చి పంపు. కొలువుల నుంచి తీసేస్తవా, తియ్యి. ఈ గొంతు చెరిపి ఇంకో గొంతు నా చేత్తోని మాత్రం ఎక్కియ్య."

"ఇప్పుడు మళ్ల చేస్తే పొద్దుగూకంగ మఘ్రిబ్ అజా వస్తది. నీ చెయ్యి ఊకుంటదా?"

"ఊకోదు. అందుకే గా టైంకే చేస్త, తప్పు ఈ చేతిదో ఆమె గొంతుదో తేలాలె."

ఆరున్నర దాటాక పాట మళ్లీ వదిలాను. సక్కుబాయిని స్టూలెక్కించి ఆంప్లిఫయర్ దగ్గర నిలబెట్టాను. మొదటి చరణం అవుతుండగా అజా మొదలైంది. నా చెయ్యి కదిలింది, నిజం చెప్తున్నాను, కదిలింది. దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. సక్కుబాయి నాబ్‌ను సున్నాకు తిప్పింది.

గదిలో అజా తప్ప వేరే చప్పుడు లేదు. రెండో చరణం మా ముగ్గురికీ వినపడకుండానే నడుస్తోంది. తెర మీద ఆకుపచ్చ గీతలు పైదాకా లేస్తున్నాయి, ఎక్కడా కుంగలేదు. సక్కుబాయి పెదవులు కదుపుతూ స్టూలు మీదే ఒక్కో కాలూ ఎత్తి పెడుతోంది, మట్టి తొక్కినట్టే. రామ్‌చందర్ అన్న ఆ కాళ్ల వైపు ఒకసారి, తెర వైపు ఒకసారి చూశాడు.

అజా అయింది. ఆమె నాబ్ తిప్పింది. మూడో చరణం మొదటి ఎత్తులోనే పలికింది.

ఫైల్ తయారయ్యాక మొదటి నుంచి వేశాను. "మట్టి తొక్కినయి మా కాళ్లు" దగ్గర స్పీకర్ల అట్ట అదిరింది. పాట అయిపోయేదాకా రామ్‌చందర్ అన్న కుర్చీలోంచి లేవలేదు. లేచి ఫోన్ దగ్గరికి పోయాడు.

"హరిప్రియా, రేపు రావద్దు బిడ్డా," అన్నాడు. "గీ పాట పాడినామె ఉన్నది."

సక్కుబాయి స్టూలు దిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. క్యాసెట్ అట్ట మీద వేయాల్సిన పేర్ల కాగితం నా ముందే ఉంది. ఎనిమిదో పాట పక్కన ఖాళీ.

"పేరు రాయి బిడ్డా," అంది. "రామ్‌చందర్ సేఠ్ చూస్తుండంగనే రాయి."

రాశాను. ఆమెకు చదవడం రాదు. అయినా నేను ముగించేదాకా నా చేతి మీంచి చూపు తిప్పలేదు.