చిట్టి స్లైడు

కుక్కల ఆసుపత్రి వెనకగదిలో రక్తపు చుక్కని గాజుపలక మీద పరిచి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద పెట్టడం ఆవిడ పని. పదకొండేళ్లుగా అదే స్టూలు, అదే కిటికీ. డాక్టరుగారు "స్లైడమ్మా" అని పిలుస్తారు. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికి కావాలి చెప్పండి!

రెండు వారాల కిందట మోకాలి వెనక కుక్కల రక్తం తాగే పిడుదు కనిపిస్తే పీకి పారేసింది. ఇప్పుడు ఆరు రోజులుగా జ్వరం, ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ మహానుభావుడు తలెత్తి చూస్తే ఒట్టు. "కుక్కల దగ్గర పనిచేస్తానండీ, పిడుదు కుట్టింది" అంటే, "కుక్క కరవలేదుగా? సీజను జ్వరమే" అని మాత్ర రాసి పంపేశాడు. ఇంటికెళ్తే దుప్పటి, మంచినీళ్ల గ్లాసు, గోడ. నుదుటి మీద చెయ్యి వేసి చూసే దిక్కు లేదు.

ఏడో రోజు మధ్యాహ్నం తన వేలికే సూది గుచ్చుకుని, ఆ రక్తపు చుక్కతో స్లైడు తయారుచేసింది. సొంత స్లైడు తనే చూద్దామంటే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. డాక్టరుగారిని నోరు తెరిచి అడగాలంటే చచ్చేంత మొహమాటం. చివరికి కుక్కల ఫారమే తీసింది. జాతి: మామూలుది. వయసు: పెద్దదే. పేరు దగ్గర అమ్మ పిలిచిన ముద్దుపేరు రాసింది: చిట్టి. అమ్మ పోయాక ఆ పేరు ఎవరి నోటా వినలేదు. యజమాని గడి ఖాళీగా వదిలేసి, స్లైడుతో పాటు డాక్టరుగారి ముందు పెట్టింది.

డాక్టరుగారు చాలాసేపు చూశారు.

"దొరికింది! తెల్లకణాల్లో నీలం గుత్తులు. పిడుదు ఎక్కించిన బ్యాక్టీరియానే ఇది. మన చిట్టికి ఇవాళే మందు మొదలుపెట్టాలి. ఇంకా ఆలస్యమైతే ప్రాణం మీదకొస్తుంది."

మన చిట్టి అనేసరికి ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. యజమానిని పిలువు. ఇదేంటి, పేరే రాయలేదు?"

"ఎవరూ లేరు సార్."

"అయ్యో పాపం! అలాగని వదిలేస్తామా? ఇక్కడికే తీసుకురా, మనమే చూసుకుందాం."

ఆవిడ బయటికి వెళ్లలేదు. దూది చుట్టిన వేలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇక్కడే ఉంది సార్."

డాక్టరుగారు ఆ వేలు చూశారు, ఎర్రబడ్డ ఆ మొహం చూశారు. మనుషుల డాక్టరు తలెత్తయినా చూడలేదని ఆవిడ అప్పుడు చెప్పింది. స్లైడు జాగ్రత్తగా డబ్బాలో పెట్టి, కారు తాళాలు తీసుకున్నారు.

"పదమ్మా చిట్టీ. ఆ డాక్టరు తలెత్తి చూసేదాకా నేనూ అక్కడే కూర్చుంటా."