ఎవరింటి సారె

చింతపండులో గింజలు తీస్తున్నాను. ఈ పనికి కళ్లు అక్కర్లేదు, వేళ్లు చాలు. పండు చేటలోకి, గింజ స్టీలు గిన్నెలోకి.

గేటు చప్పుడైంది. సంపూర్ణత్తయ్య, నాన్నకు అక్క. వెనకే ఆమె కొడుకు గణేష్‌బాబు. నాన్న పోయాక వాళ్లు మా గడప తొక్కడం ఇదే మొదలు.

మూడేళ్ల కిందట బావకీ నాకూ తాంబూలాలు పుచ్చుకునే సాయంత్రం, అత్తయ్య వాకిట్లో అడ్డంగా పీట వేసి, నన్ను కాఫీ పళ్లెం తెమ్మంది. మసకచీకటి. తట్టుకుని పడ్డాను. "చూశారా? రేచీకటి. మా వంశంలో ఈ జబ్బు లేదు. ఇది సూర్యకళ పుట్టింటి నుంచి తెచ్చుకున్న సారె" అని అమ్మని చూపించి సంబంధం తెంచేసింది. కొందరు నవ్వారు. అప్పట్నుంచీ అమ్మ ఏ పేరంటానికీ వెళ్లలేదు.

ఇప్పుడు నాకు లోకం సన్నటి గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుంది. కనిపించినంత మాత్రం వదలకుండా చూస్తాను. బావ చెప్పులు విడిచి, గడపను ముందు బొటనవేలితో తడిమాడు. అమ్మ మంచినీళ్లు ఇస్తే గ్లాసుకు జానెడు పక్కన చెయ్యి చాచాడు.

అవి నా అలవాట్లే. మూడేళ్లుగా కడుపులో రగులుతున్నది కాస్త చల్లబడింది.

"మండపేట సంబంధం సూర్యకళా. రైసుమిల్లు వాళ్లు" అంది అత్తయ్య, శుభలేఖలు ఒళ్లో పెట్టుకుని. "పిల్ల కళ్లు కలువరేకులనుకో." ఆ చివరి మాట నాకేసి తిరిగి అంది.

గింజల గిన్నెను బావ కాళ్ల ముందుకు జరిపాను.

"అత్తకి శుభలేఖ ఇవ్వరా" అంది అత్తయ్య, అమ్మని చూపిస్తూ.

బావ లేచి అడుగు వేశాడు. గిన్నె ఎగిరిపడింది. గింజలు ఇల్లంతా దొర్లాయి.

"దారిలో పెడతావేంటే? చూపూ లేదు, బుద్ధీ లేదు!"

"నేను చూసే పెట్టానత్తయ్యా. బావకే కనబడలేదు."

బావ వంగి గింజల కోసం నేల తడిమాడు.

"ఎన్నాళ్లయింది బావా?"

"రెండేళ్లు. నిద్ర చాలకే అంటుంది అమ్మ."

"హైదరాబాదులో ఒక ఆసుపత్రి వాళ్లు కంటి పొరకి కొత్త మందు ఎక్కించి చూస్తున్నారు. పోయిన చూపు రాదట, ఉన్నది నిలబడొచ్చట. నా పేరు రాసుకున్నారు. ఈ జబ్బు ఒక్క అమ్మ నుంచే రాదు, నాన్న నుంచీ రావాలన్నారు. నాన్న వైపు ఇంకెవరికైనా ఉంటే పరీక్షిస్తామంటే, ఆరు నెలల కిందట అత్తయ్యకి ఫోన్ చేశాను."

బావ తల్లి వైపు తిరిగాడు. "ఏం చెప్పావమ్మా?"

అత్తయ్య ఒళ్లో శుభలేఖలు సర్దుకుంది.

"మా వంశంలో లేదన్నారు బావా. నేనూ అదే రాసిచ్చాను."

"ఇంకా టైముందా పావనీ?"

నేల మీద గింజలు ఏరుకుంటూ ఊరుకున్నాను. ఒకటి. ఇంకొకటి. ఆ కాసేపూ నాది.

"శుక్రవారం దాకా ఉంది. ఫారం నా దగ్గరే ఉంది. ముందు అత్తయ్య చెప్పాలి, ఆ సారె ఎవరింటిదో."

"వద్దులేవే" అంది అమ్మ.

"కావాలమ్మా."

"మిల్లువాళ్లకి తెలిస్తే సంబంధం తెంచేస్తారే!" అంది అత్తయ్య.

"మీరు తెంచినట్టే."

అత్తయ్య శుభలేఖలకేసి చూస్తూ, "మాదీ" అంది.

"అమ్మకి వినబడలేదు."

"మా ఇంటిదీనే! వాడికి వచ్చిందని నాకు తెలుసు. చాలా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫారం తెచ్చి పట్టుకున్నాను. బావ చెయ్యి చాచాడు, జానెడు పక్కకి. నేను కాగితాన్ని అటు జరపలేదు. గాలిలో తడుముకుని అతనే దొరకబుచ్చుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆగరా, నేనూ వస్తున్నా" అంటూ అత్తయ్య భుజం అందించింది. అతను ఆ భుజం పట్టుకోలేదు. గోడ వెంట నడిచి, గడపను బొటనవేలితో వెతుక్కుని మసకచీకట్లోకి వెళ్లిపోయాడు.